కాలు తగలని గరిటె

కళ్యాణదుర్గానికి ఏడు మైళ్ళ ఇవతల, చౌడమ్మ గుడి వెనక వీధి, వడ్రంగి హనుమంతరాయుడి వసారా. బుధవారం మధ్యాహ్నం. గోడకానుకుని తల్లి తిరుపాలమ్మ, ఎదురుగా ఉలీ సుత్తీ ముందేసుకుని కొడుకు, కొడుకు చేతిలో జానెడు వేపకట్టె. ఒక ఇంటి పరువు మొత్తం ఆ జానెడు కట్టె మీదికి వచ్చి కూర్చుందంటే నమ్మడం కష్టమే గానీ, కూర్చుంది.

"కాలు!"

"ఏం కాలు?"

"నీ కాలేరా. బొటనేలు సూడు, కట్టె మీదికి పోతాండాది."

"యాడ పోతాండాది? ఈడనే ఉండాది గదమ్మా."

"నేను అరిసినాంక ఎనక్కి లాక్కుంటివి. కన్నదాన్నిరా, నీ బొటనేలు సంగతి నాకు తెలీదా?"

"నేను జరపలేదు. దానంతట అదే పోతాండాది."

"అదేమన్నా కోడిపిల్లనా, దానంతట అది పోయేకి?"

"ముప్పై ఏండ్లమ్మా! సంగటి తెడ్డైనా, పప్పుగుత్తైనా, సంతలో అమ్మే గరిటెలైనా, నేను ఏది చెక్కినా పట్టింది ఈ కాళ్ళే. ఒక చెయ్యి ఉలికి, ఒక చెయ్యి సుత్తికి. కట్టెను పట్టేకి మూడో చెయ్యి యాడుండాది నాకు? బొటనేలే నా మూడో చెయ్యి. ఉలి కనపడితే సాలు, లేసి నిలబడతాది. ఇప్పుడు ఉన్నట్టుండి వద్దంటే ఇంటాదా?"

"ఇననీ, ఇనకపోనీ. కట్టెకు తగిలిందా లేదా?"

"తగల్లేదు."

"ఒట్టు?"

"ఏమ్మా, నువ్వు గూడా గుడి కమిటీవాండ్ల మాదిరి..."

"తగిలిందా లేదా?"

"రవ్వంత. గోరు."

"గోరు కాలు కిందికి రాదా?"

"ఏమో. నరసింహప్పన్ననే అడగల్ల."

"అడుగు, అడుగు. దానికి ఇంగో మీటింగు పెడతారు. నడుం కింద ఉండేదంతా కాలే అని తీర్మానం చేసినోల్లు, గోరును ఇడిసిపెడతారా?"

"అందుకే అడగను. నువ్వు గూడా ఎవరికీ చెప్పొద్దు."

"నేనెవరికి చెప్తా? నా మాట ఎవరింటారు ఈ ఊర్లో? ఆ తువ్వాలు తీసి కాళ్ళు కట్టేసుకో."

"తువ్వాలుతోనా?"

"గాడిద ముందరి కాళ్ళకు కడతారు సూడు, అట్ల. ముడి నాకు కనపడేట్టు."

"సిగ్గు పోతాదమ్మా, ఎవరన్నా వస్తే."

"కట్టె పోతే పోని సిగ్గు, తువ్వాలు కడితే పోతాదా? ఇది ఎన్నో కట్టె?"

"మూడోది."

"ఆకర్దా?"

"ఆకర్దే. గుడి ముందరి యాపచెట్టు కొమ్మే గావల్లన్నారు. ఏడాదికొక కొమ్మే కొట్టల్లన్నారు. ఆ కొమ్మలో పనికొచ్చింది మూడు కట్టెలు. రెండు ఇరిసి పారేస్తి. ఇది గూడా పోయిందంటే ఎల్లుండి జాతరలో చౌడమ్మకు అంబలి పోసేకి గరిటె ఉండదు. పోయినేడు నాయన చెక్కిన పాత గరిటె పగిలినప్పుడే ఊరంతా అన్నారు, ముత్యాలప్ప కొడుకుండాడు గదా, మనకేం బాధ అని. ఇప్పుడు ఆ కొడుకు తువ్వాలుతో కాళ్ళు కట్టేసుకోని కూసున్యాడు."

"కట్టెను పట్టి బిగిచ్చే వైసు తెస్తివి గదరా, మోటర్ల మెకానిక్కు దగ్గర?"

"తెస్తి. బిగిస్తే దాని పండ్లు పడె కట్టె మీద, కుక్క కరిసినట్టు. గుడ్డ సుట్టి బిగిస్తే జారె. ఇంగొంచెం బిగిస్తే టప్పుమనె. అది మొదటి కట్టె."

"ఇసకో?"

"ఇసక నువ్వు చెప్పిందే గదా, నాయన గంపెడు ఇసకలో పాతి చెక్కినాడని! సుత్తి దెబ్బ పడినప్పుడల్లా కట్టె లోపలికి దిగబడె. కడాకు గరిటె యాడుందో నేనూ నీ కోడలు ఉమాదేవీ ఎతుక్కుంటిమి."

"రోలు?"

"అదీ నువ్వు చెప్పిందే. రోటి గుంటలో ఇరికిచ్చినా. ఇరుక్కునె. బాగా ఇరుక్కునె. మళ్ళా రాలే. రోలన్నా పగలగొట్టల్ల, కట్టెన్నా ఇరగ్గొట్టల్ల. రోలు మీ అత్తది, దానిమీద చెయ్యేస్తే ఊరుకోనంటివి. అది రెండో కట్టె."

"మరి మంచం?"

"మంచం సంగతి ఎత్తొద్దు."

"నేనెత్తకుంటే ఎవరెత్తుతారు? మంచం నాది. కోళ్ళు పీకి గుర్రం చేసినావు. పది దినాలుగా కింద పండుకుంటాండా నేను."

"గుర్రం గాదు, గుర్రం మాదిరి బల్ల. ఫోన్లో చూసినా. ఒక తెల్లదొర దాని మీద గుర్రమెక్కినట్టు కూసున్నాడు. కింద చెక్కను కాలితో తొక్కుతే పైన చెక్క వచ్చి గరిటెను అదిమి పడతాది. కట్టెకు కాలు తగిలే పనే లేదు. ఎంత బాగుండాదో! నా రెండు చేతులూ ఉలికే."

"మరి దాన్నేంటికి మూలకేస్తివి?"

"కమిటీవాండ్లు వచ్చి చూసి మూడు గంటలు మాట్లాడినారు. తొక్కేది కాలే గదా, కాలి బలం చెక్కలోనుంచి కట్టెలోకి పోతాది గదా, కాబట్టి కాలు తగిలినట్టే అన్నారు."

"కరెంటు మాదిరి పోతాదంటనా?"

"లైన్‌మన్ బసప్ప సరిగ్గా ఆ మాటే అన్యాడు. ఆయప్ప చెప్పినాంక ఇంగెవరూ నోరెత్తలే."

"ఉమాదేవిని పట్టమనకూడదా, చేత్తో?"

"పట్టింది. రెండో దెబ్బకే ఉలి జారి ఏలు మీద పడె. మూడు కుట్లు. పాపం, ఆ ఏలితోనే రాయదుర్గం పోయి జీన్సు ప్యాంట్లు కుడతాండాది. ఇంగ నీ గరిటె పేరు నా ముందర ఎత్తితే మా అమ్మోల్లింటికి పోతానన్యాది. చేతికి బలం సాలదమ్మా. సుత్తి దెబ్బ పడినప్పుడు కట్టెను ఎగరనీకుండా పట్టల్లంటే కాలే గావల్ల. మడమ నేలకానిచ్చి, రెండు పాదాలు అదిమితే ఆ పట్టే వేరు."

"నాకు తెలీదా?"

"నీకెట్ల తెలుస్తాది?"

"వడ్రంగి ఇంటి కోడల్ని. చూస్తాండా గదా ఇన్నేండ్లు."

"అమ్మా, ఒక్క మాట నిజం చెప్పు. నాయన ఎట్ల పట్టినాడు?"

"చెప్పినా గదా."

"నాలుగు దినాల్లో నాలుగు చెప్పినావు. ఇసకన్యావు. రోలన్యావు. పలుపుతాడన్యావు. నిన్న, సంకలో పెట్టుకోని చెక్కినాడంటివి. సంకలో పెట్టుకోని గుంట ఎట్ల తీస్తారమ్మా? ఉలి జారితే గుండెకాయలో దిగుతాది."

"నలభై ఆరేండ్ల నాటి మాటరా. నాకు పొద్దున ఏం తిన్యానో గుర్తుల్యా."

"పొద్దున తిన్యాది సంగటి. నలభై ఆరేండ్లుగా అదే తింటాండావు, గుర్తుండకేం?"

"అప్పుడు నేను పుట్టింట్లో ఉంటినిరా. పెండ్లై పద్దినాలు గూడా గాలే. గరిటె పని ఎత్తుకుంటానే మా అత్త నన్ను మా ఊరికి పంపె."

"పుట్టింట్లో ఉన్నదానివి ఇసకా రోలూ ఎట్ల చెప్తివి?"

"ఎవరో చెప్పిరి."

"ఎవరు?"

"సచ్చిపోయినోల్లు. పోయి అడిగొస్తావా?"

"ఏమప్పా హనుమంతరాయుడూ! ఇంట్లోనే ఉండావా?"

"అదో, వచ్చె గుడి కమిటీ పెద్ద. రా నరసింహప్పా, రా. మా వోడు ఇంట్లో లేకుండా యాడికి పోతాడు, కాళ్ళు కట్టేసి పెట్టింటే."

"కూసునేకి రాలేదు తిరుపాలక్కా. నిజంగానే కట్టేసినావే! ఏందప్పా ఆ తువ్వాలు?"

"మాట ఇనడం లేదన్నా. అందుకని."

"మంచి పని. భక్తి అంటే అదే. యాదీ, కట్టె సూపించు. ఇదేందప్పా, గరిటెనా బ్యాటా? గుంటేదీ?"

"బయటంతా చేత్తో పట్టి చెక్కినా అన్నా. గుంట తీసేకాడే వస్తాండాది కథ. దెబ్బ వేస్తే ఎగురుతాది. రేపటికి అయిపోతాది."

"కాలు తగల్లేదు గదా?"

"కాలు తగల్లేదు."

"ఏందది, అమ్మ మొగం సూస్తావు?"

"నా కొడుకు నా మొగం చూస్తే తప్పా నరసింహప్పా? నీ మొగం చూడమంటావా?"

"అట్లగాదక్కా. చౌడమ్మ నోటికాడికి పోయే గరిటె. ఆమెకు పోసినాంక ఊరందరి దోసిట్లో దాంతోనే పోస్తాం. ముసలీ ముతకా దాన్ని కండ్లకద్దుకుంటారు. మనిషి కాలు తగిలిందంటే వానొచ్చేది గూడా ఆగిపోతాది."

"నువ్వు చెప్పకుంటే వాన ఆగకుండా కురుస్తాండాదా ఈడ? మూడేండ్లుగా చెనిక్కాయ ఎండిపోతాంటే ఎవరి కాలు తగిలిందని ఎండె?"

"చూడక్కా, నువ్వు అన్నీ ఇట్లే మాట్లాడతావు."

"ఒక మాట అడుగుతా, చెప్పు. అంబలి దేంతో కాస్తారు?"

"రాగులతో."

"రాగులు యాడ రాల్తాయి?"

"కళ్ళంలో."

"అబద్ధం. కళ్ళం ఎవరు చేస్తాండారు ఇప్పుడు? తారు రోడ్డు మీద పరుస్తాండారు. కళ్యాణదుర్గం బస్సు తొక్కుతాది, ఆటోలు తొక్కుతాయి, నువ్వు మోటార్ సైకిల్ మీద తొక్కుతావు. అంతకు ముందు ఎద్దులు తొక్కుతాండె, పేడేసుకుంటా. అది చౌడమ్మకు పనికొస్తాది. మా వోని బొటనేలే పనికి రాదు."

"ఎద్దు కాలు వేరు, మనిషి కాలు వేరు."

"అవును, ఎద్దు కాలికి కమిటీ లేదు."

"అమ్మా, గమ్మునుండు."

"ఉండనీలేప్పా, మా అక్కే గదా. హనుమంతరాయుడూ, నేను చెప్పొచ్చేది ఒకటే. మీ నాయన ముత్యాలప్ప మాదిరి మనిషి మళ్ళా పుట్టడు. మా నాయన చెప్తాండె. కొత్త పెండ్లికొడుకు. పెండ్లాన్ని పుట్టింటికి పంపిచ్చి, ఆ ఎనక గదిలో తొమ్మిది దినాలు తలుపేసుకోని కూసున్యాడంట. ఇరవై రెండేండ్ల వయసులో, పెండ్లాం మొగం గూడా చూడకుండా! ఎవరివల్ల అయితాదప్పా? ఏందక్కా, దగ్గుతావు?"

"పొలమారింది."

"నీళ్ళు తాగు. ఒక పొద్దు మా నాయన ఆ గోడ పక్కన పోతా, లోపల గజ్జెల సప్పుడు ఇన్యాడంట. ఒళ్ళంతా పులకరిచ్చె అని చెప్తాండె. అమ్మే వచ్చింది. ముత్యాలప్పకు చౌడమ్మే వచ్చి కట్టె పట్టుకునింది. లేకుంటే కాలు తగలకుండా ఆ గుంట ఎట్ల తీస్తాడు? గోరుగిల్లంత గూడా యాడా వంకర ల్యా."

"చౌడమ్మకు ఇంగేం పనిల్యా? మా ఆయన కట్టె పట్టుకోని కూసునేకి?"

"మరి గజ్జెల సప్పుడేందక్కా?"

"మేక. మా అత్త ఆ గోడకు మేకను కట్టేస్తాండె. మెడలో గంట."

"నువ్వు పుట్టింట్లో ఉంటివి గదా?"

"పోకముందు చూసినా మేకను. నేను పోతానే అది గూడా పోతాదా?"

"సరే, మేకే అనుకో. హనుమంతరాయుడూ, అసలు సంగతి చెప్తా. రేపు సాయంత్రం దీపం పెట్టే లోపల గరిటె గుళ్ళో ఉండల్ల. లేదంటే కళ్యాణదుర్గంలో కరెంటు మిషన్ పెట్టుకున్నాయప్పతో మాట్లాడినాం. కట్టె ఇస్తే గంటలో గరిటె చేసిస్తాడంట."

"మిషన్ బల్లకు కాళ్ళుండవా?"

"అక్కా!"

"అడుగుతాండా. నాలుగుంటాయి గదా?"

"బల్ల కాళ్ళు లెక్కలోకి రావు. చెప్పేది ఇను, హనుమంతరాయుడూ. గరిటె నువ్వు చెక్కకుంటే తొలి అంబలి మీ ఇంటికి రాదు. ఊరి వడ్రంగి అనే పేరు గూడా ఇంగ మీ ఇంటికుండదు. నేనంటాండేది గాదు, కమిటీ అంటాండాది."

"కమిటీలో నువ్వు లేవాన్నా?"

"ఉండా. ఉండబట్టే ముందుగా చెప్పిపోయేకి వచ్చినా. మీ నాయన ముందర తలెత్తి నిలబడినోన్ని గాదు నేను. ఆయప్ప ఇంటికి ఈ మాట చెప్పేకి నాకు మాత్రం నోరొస్తాదా? అమ్మను తలుసుకో. నిష్ఠగా కూసో. ఆమే వస్తాది. నేను పోతా. వచ్చేటప్పుడు కట్టె ఎగిరి వీధిలో పడుంటే తొక్కుతానేమోనని భయపడుకుంటా వచ్చినా, నిజంగా."

"పోయినాడా?"

"పోయినాడు."

"తొలి అంబలంట. మీ నాయన దోసిట్లో పోస్తారు, మీ నాయన తాగుతాడు, ఊరంతా మొక్కుతాది. నేను ఆడోల్ల వరసలో చివరాకర నిలబడి, అడుగంటిన అంబలి తాగుతాంటి. దాంట్లో రాళ్ళు గూడా తగుల్తాండె. ఏందిరా, తువ్వాలు ఇప్పుతాండావు?"

"సాలమ్మా."

"ఏం సాలు?"

"ఇంగ సాలు. ఉలులన్నీ సంచిలో ఏస్తాండా. పోయి నరసింహప్పన్న ముందర పెట్టొస్తా. ఈ కట్టె గూడా ఇచ్చొస్తా, ఇరగముందే. మిషన్లో చేపిచ్చుకోమని చెప్తా."

"కూసో."

"కూసోను. రెండిరిసినాంక గూడా బుద్ధి రాకుంటే ఎట్ల? నాయనకున్న భక్తి నాకు లేదమ్మా. అంతే. ఒప్పుకుంటే పోతాది."

"ఒప్పుకోని ఏం జేస్తావు?"

"రాయదుర్గం పోతా. ఉమాదేవి వాళ్ళ కంపెనీలో ప్యాంట్లకు గుండీలు కొట్టే మిషన్ ఉండాదంట. దానికి కాలితోనే తొక్కల్లంట. ఆడ నా కాళ్ళను ఎవరూ వద్దనరు."

"తమాషాకంటాండావా?"

"తమాషా గాదు. సిగ్గుగుండాదమ్మా నాకు. నాయన పోయి పదకొండేండ్లాయ. సంతలో ఎవరు నా గరిటె పట్టుకున్యా ఒకటే మాట, బాగుండాది గానీ ముత్యాలప్ప చెయ్యి గాదు. నవ్వుతా ఇన్యాను. ఎన్నిసార్లని లెక్కల్యా. ఈ ఒక్కటి చెక్కితే ఆ మాట ఆగుతాదనుకున్యా. ముత్యాలప్ప కొడుకు అనకుండా హనుమంతరాయుడు అంటారనుకున్యా. నా చేతిలో పనుండాదమ్మా. ఉండాదని నాకు తెలుసు. గుంట తీసేది నాయన కంటే నున్నగా తీస్తా, నీ మీద ఒట్టు. కానీ పట్టే దిక్కు ల్యా. ఆయప్పకు దేవతే వచ్చి పట్టింది. నాకెవరొచ్చి పడతారు?"

"ఏడుస్తాండావా?"

"లేదు. కంట్లో పొట్టు పడింది."

"పొద్దున్నుంచి ఒక్క పొట్టు రాలలేదు నీ ఉలికింద. ఏడిస్తే ఏడువు, నా ముందర గాకుంటే ఎవరి ముందర ఏడుస్తావు? సంచి కింద పెట్టు."

"పెట్టను. ఆయప్ప అంత నిష్ఠతో, అన్నం నీళ్ళు మాని, అమ్మ మీదే ధ్యానంతో..."

"ఏం ధ్యానం? బీడీ తాగుతా చెక్కినాడు."

"ఎవరు?"

"మీ నాయన. గుంటలో రెండు మాట్లు బూడిద రాల్చి, నోటితో ఊది, మళ్ళా చెక్కినాడు."

"నువ్వు పుట్టింట్లో ఉంటివి గదా?"

"సంచి కింద పెట్టంటి గదరా."

"అమ్మా, నీకెట్ల తెలుసు?"

"తలుపేయ్."

"ఏంటికి?"

"ఎండ."

"ఎండ ఆ పక్కుండాది గదా."

"వెయ్‌రా అంటే! గడియ పెట్టు. కిటికీ గూడా ముయ్. ఇప్పుడు చెంబుతో నీళ్ళు తే."

"తాగేకా?"

"కాళ్ళు కడుక్కునేకి."

"గుడికి పోతావా? నరసింహప్పన్నను బతిమాల్తావా? వద్దమ్మా. నేను చేతగానోన్నే గావొచ్చు, నువ్వు పోయి ఎవరి ముందరా చేతులు కట్టుకోవాకు."

"వాన్ని బతిమాలేది నాకేంరా ఖర్మ. పొయ్, నీళ్ళు పొయ్. మడమ కాడ బాగ రుద్దు. ఏళ్ళ సందులో గూడా."

"ఎట్ల పగిలినాయమ్మా నీ మడమలు. ఇట్ల కాళ్ళు సాపితే మోకాళ్ళు నొస్తాయంటివి గదా?"

"నొస్తే నొస్తాయి. ఒక ఒట్టు పెట్టుకున్యా మీ నాయనకు, ఎవరికీ చెప్పనని. పదకొండేండ్ల నాడు ఆయప్ప పోయె. నిన్ను కూసోబెట్టి ఇసకా రోలూ అని అబద్ధాలు చెప్తా, ఆ ఒట్టును నేనే మోస్తాండా. రెండు కట్టెలు ఇరిగినాయి. కోడలి ఏలు తెగె. అయినా నోరు మూసుకున్యా. నువ్వు సంచి ఎత్తినాంక మాత్రం నావల్ల గాదు. తుడువు. తడి లేకుండా తుడువు, జారుతాది."

"ఏం జారుతాది?"

"కట్టె తే."

"ఏంటికి?"

"తేరా. నా రెండు పాదాల నడుమ పెట్టు. అట్లగాదు, కాడ నా పక్కకు, గుంట నీ పక్కకు. ఆ, అట్ల."

"అమ్మా! నీకేమన్నా మతి పోయిందా? అమ్మవారి గరిటె! మనిషి కాలు..."

"అరవాకు, నరసింహప్ప ఇంగా వీధి మలుపు దాటిండడు. పట్టుకోని లాగు. గట్టిగ లాగు. కదిలిందా?"

"కదల్లా."

"సుత్తితో ఒక దెబ్బ కొట్టు. ఎగిరిందా?"

"ఎగరలేదు... కానీ నాయన ఉండింటే మనిద్దర్నీ నరికేస్తాండె. ఆయప్ప అంత నిష్ఠగా..."

"మీ నాయన గూడా మొదటి దినం ఇట్లనే నోరెళ్ళబెట్టినాడు. నేను పుట్టింటికి పోయినానని మీ అవ్వ ఊరంతా చాటి, నన్ను లోపలికి తోసి, బయట గడియ పెట్టె. తొమ్మిది దినాలు ఆ గరిటెను పట్టింది ఈ కాళ్ళేరా, కొట్టు."